నూట పదమూడో నంబరు ఇల్లు

పోయిన వారం మన రిపేరు షాపు అమ్మాయి పిచ్చుకని ఎక్కడ వదిలేశామో మీరు మరిచిపోయి ఉండరు. వీడియో గేముల దుకాణం అద్దం ముందు, పడుతున్న వానలో, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. లోపల పెద్ద తెర మీద ఎవరో ఆడుతున్న ఆట తనదే. ఆరేళ్ళు కూర్చుని తను కట్టిన ఇల్లు, ఆ ఇంట్లో తిరిగే చిన్నపిల్ల, వంటింటి గోడ మీద వెనక్కి తిరిగే గడియారం. ఆ గడియారం పిచ్చుక చేసిన తప్పు. రేపు సరిదిద్దుదాం, ఎల్లుండి సరిదిద్దుదాం అనుకుంటూ వదిలేసింది. ఎత్తుకుపోయినవాళ్ళు తప్పుతో సహా ఎత్తుకుపోయారు.

ఒక్కటి మాత్రం తనది కాదు. తన ఆటలో ఏడో గది తలుపు తెరుచుకోదు. తోస్తే ఆ చిన్నపిల్ల తల అడ్డంగా ఊపుతుంది, అంతే. దుకాణం తెర మీద మాత్రం ఆ తలుపు తెరుచుకుంది.

ఆ వాన కురిసి ఇప్పటికి నెల కావస్తోంది. ఆట అమ్ముతున్న కంపెనీకి పిచ్చుక ఉత్తరం రాసింది. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. ఆట రాసిన మనిషి తమ దగ్గరే ఉన్నారనీ, బుధవారం సాయంత్రం నాలుగింటికి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతామనీ, తనదే ముందని రుజువు ఉంటే తెచ్చుకోమనీ రాశారు. తేలేకపోతే ఇక ఈ ఆట ఊసు ఎత్తనని సంతకం పెట్టి వెళ్ళాలట.

ఇవాళే బుధవారం. ఇప్పుడు పన్నెండున్నర.

రుజువు లేక కాదు. రిపేరు షాపు బల్ల మీద, పిచ్చుక ముక్కు ముందే ఉంది. పాత గేమ్ కన్సోల్ అది. ఆటలో ప్రతి ముక్కా అది తయారైన తారీఖుతో సహా దాని కడుపులో భద్రంగా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, టీవీకి వైరు పెట్టే సాకెట్టూ దాని వెనక చిప్పూ ఐదు నెలల కిందట కాలిపోయాయి. బొమ్మ రాదు. కొత్త చిప్పు తెప్పించాలంటే పది రోజులు. డిస్కు ఊడదీసి కంప్యూటరుకి తగిలిస్తే చదవదు, ఆ డిస్కు ఆ పెట్టె మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. లాప్‌టాప్‌లో ఉన్న కాపీ రెండేళ్ళ కిందట లాప్‌టాప్‌తోనే పోయింది. "బ్యాకప్ తీసుకున్నారా అండీ?" అని షాపుకొచ్చిన ప్రతివాళ్ళనీ నిలదీసే పిచ్చుక, తన పనికి మాత్రం తీసుకోలేదు. నవ్వకండి, మనమూ అంతే.

మిగిలిన దారి ఒకటే. కన్సోల్‌కీ కంప్యూటరుకీ మధ్య నేరుగా ఒక నెట్ కేబుల్ వేసి, బొమ్మ లేకుండానే లోపలున్నది బయటికి లాగడం. కన్సోల్ ఆన్ అవగానే ఫైళ్ళు అందించే ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యేలా పిచ్చుక ఎప్పుడో పెట్టుకుంది కాబట్టి, ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటే చాలు.

అవే పలకరించుకోవడం లేదు.

"లైటు వెలిగిందా?" అన్నాడు బావ, పక్క బల్ల మీద ఎవరిదో ప్రింటరు పొట్ట కోస్తూ.

"లేదు."

"కేబుల్ మార్చు. ఆ నల్లదాన్ని నమ్మకు. దాన్ని ఎలుక కొరికింది, నేను టేపు చుట్టాను. ఎలుక పని బాగుంది, నా పనే బాగాలేదు."

బావంటే పిచ్చుక అక్కకి భర్త. ఈ షాపు ఆయనదే. పదేళ్ళ వయసులో అక్క వెంట ఆ ఇంటికి వచ్చిన పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టిందీ, చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి పని నేర్పిందీ ఆయనే. నోరు మూసుకుని పని చేయడం ఆయనకి చేతకాదు. ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పిచ్చుక కేబుల్ మార్చింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. కంప్యూటరు మాత్రం కేబుల్ ఉంది గానీ నెట్ లేదని మూలిగింది.

"మూలగనీ," అన్నాడు బావ. "మధ్యలో రూటర్ లేదుగా, నంబర్లు పంచిపెట్టే పెద్దమనిషి లేడు. మనమే చేత్తో ఇవ్వాలి. నేనేం చెప్పాను నీకు?"

"ఒకే వీధి, వేరే వేరే ఇంటి నంబర్లు," అంది పిచ్చుక విసుగ్గా. పదిహేనేళ్ళ నుంచీ వింటున్న పాఠం.

"నువ్వేమిచ్చావు?"

"పెట్టెకి ఒకటి ఎప్పుడో ఇచ్చాను. ఇప్పుడు కంప్యూటరుకి రెండు."

"మళ్ళీ ఒకటీ రెండేనా! ప్రపంచంలో అందరూ ఇచ్చేవి అవే. ఎక్కడో ఒకచోట ఒకే నంబరు ఇద్దరికీ పడి కొట్టుకు చస్తాయి. వీధికి ఎనభై ఎనిమిది, పెట్టెకి నూట పదమూడు, కంప్యూటరుకి నూట పద్నాలుగు. ఇచ్చి చూడు, గొడవే ఉండదు. షాపు పెట్టకముందు ఫ్యాక్టరీలో నా బిళ్ళ నంబరు నూట పదమూడు. పద్నాలుగేళ్ళలో ఒక్కరోజు వేలికి గీత పడలేదు."

"ఇద్దరే కాపురముండే వీధిలో నూట పదమూడో నంబరు ఇల్లేంటి బావా? మిగతావన్నీ నువ్వు కట్టించి అద్దెకిస్తావా?"

ఇది వాళ్ళిద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడుస్తున్న హాస్యం. ఆ అంకెలు ఈ షాపులో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇవ్వరు. షాపులో కూడా బావ ఒక్కడే ఇస్తాడు.

పిచ్చుక కంప్యూటరు నుంచి కన్సోల్‌ని పిలిచింది. జవాబు లేదు. కంప్యూటరుకి కాపలా కాసే ఫైర్‌వాల్ ఆపేసి పిలిచింది. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. వైఫై కూడా ఆన్‌లో ఉందనీ, తన పిలుపులన్నీ అటు గాలిలోకి పోతున్నాయనీ అప్పుడు గుర్తొచ్చి దాన్నీ ఆపింది. అయినా లేదు. గోడ గడియారం ఒకటిన్నర దాటింది. ఇక్కణ్ణుంచి ఆ ఆఫీసుకి అరగంట ప్రయాణం.

ఫోన్ మోగింది. అక్క.

"తిన్నావా?"

"ఆకలి లేదక్కా."

"ఆకలి లేకపోవడమేంటే, తినకుండా వెళ్ళి వాళ్ళ ముందు కళ్ళు తిరిగి పడతావా?" అంతలోనే మాట మార్చింది. "దొరికిందా?"

"ఇంకా లేదు. పెట్టె మాట్లాడటం లేదు."

"మాట్లాడుతుందిలే. నాలుగింటికి నేనూ అక్కడే ఉంటాను. బెంగపెట్టుకోకు."

పిచ్చుకకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయేనాటికి తనకి నాలుగేళ్ళు, అక్కకి పద్నాలుగు. అప్పట్నుంచీ అక్కే అన్నీ. ఈ నెలలో ఒక స్నేహితురాలు దూరమైనా, అక్కా బావా ఉన్నారు కదా అని ధైర్యం తెచ్చుకుంది.

దూరమైన ఆ స్నేహితురాలిని అందరూ పిలిచే పేరు కళ్ళజోడు. ఆటకి బొమ్మలు గీసింది ఆమే. బొమ్మలు గీయడానికని కన్సోల్ రెండు నెలలు ఆమె ఇంట్లో ఉంది కాబట్టి, దొంగతనం జరిగితే ఆమె చేతే జరగాలని పిచ్చుక తేల్చేసింది. మూడు వారాల కిందట ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి, ఇరుగుపొరుగు వినేలా, అనకూడని మాటలన్నీ అంది. కళ్ళజోడు తిరిగి ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తప్పు చేసింది గనకే నోరు లేవలేదని పిచ్చుక అనుకుంది.

"బావా, ఇంకేం మిగిలింది?"

"దానికి నువ్వు పిలిచే నంబరు లేదేమో. ఊరికే పిలవకు, విను," అన్నాడు బావ ప్రింటరులోంచి తల బయటపెట్టి. "కేబుల్ మీద ఏ మాట పోతున్నా రాసి చూపించే ప్రోగ్రాం ఉందిగా, అది పెట్టు. పెట్టెని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. నిద్ర లేవగానే ప్రతి పెట్టే ఒక కేక వేస్తుంది, నా నంబరు ఇది, ఇంకెవరికైనా ఉందా అని. ఆ కేక పట్టుకో."

అందుకే ఆయన గురువు. పిచ్చుక ప్రోగ్రాం పెట్టింది, కన్సోల్ ఆపింది, పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ ఆన్ చేసింది. లోపల ఫ్యాను తిరిగింది. డిస్కు కిర్రుమంది. తెర ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది. ఒక లైను పడింది.

పిచ్చుక ఆ లైను చదివింది. మళ్ళీ చదివింది. వేలు పెట్టి ఒక్కో అంకే చదివింది.

వీధి ఎనభై ఎనిమిది. ఇల్లు నూట పదమూడు.

"దొరికిందా?" అంటూ బావ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆయన నోరు మూతపడటం పిచ్చుక తన జీవితంలో రెండోసారి చూసింది. మొదటిసారి ఆయన తల్లి పోయిన రోజు.

ఆమె కంప్యూటరుకి నూట పద్నాలుగు ఇచ్చింది. కన్సోల్ వెంటనే పలికింది. ఫోల్డర్లు వరసగా తెర మీదకి వచ్చేశాయి, ఆరేళ్ళ పని, తారీఖులతో సహా. ఇంకోరోజైతే ఎగిరి గంతేసేది. అన్నీ కలిపి పెన్ డ్రైవ్‌లోకి కాపీ పెట్టింది. ఇరవై ఐదు నిమిషాలు పడుతుందని చూపించింది. తర్వాత ఫైళ్ళు అందించే ప్రోగ్రాం రాసుకునే లాగ్ తెరిచింది. ఎవరు ఎప్పుడు వచ్చి ఏం పట్టుకెళ్ళారో అందులో ఉంటుంది. పోయిన ఏడాది, ఒక గురువారం, పగలు పదకొండు ఇరవై. నూట పద్నాలుగో నంబరు నుంచి ఒక మనిషి వచ్చాడు, ఆట మొత్తం పట్టుకెళ్ళాడు. అప్పటికి కన్సోల్ కళ్ళజోడు ఇంటి నుంచి తిరిగొచ్చి నెలయింది. ఇంట్లోనే ఉంది, హాల్లో టీవీ కింద.

కళ్ళజోడుకి ఫోన్ ఛార్జర్ ఏ వైపు పెట్టాలో కూడా ఒక పట్టాన తెలియదు. ఆ సంగతి మూడు వారాల కిందట గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది.

"బావా," అంది పిచ్చుక. "ఈ నంబరు ఎవరిది?"

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఈ లోకంలో ఈ నంబరు ఇచ్చేవాళ్ళు ఎందరున్నారు?"

"ఒక్కణ్ణే."

"మరి?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతిలో గుడ్డని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "నేనే," అన్నాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. పిచ్చుకకి ముందు కోపం రాలేదు, చలి వేసింది. పొద్దున్నుంచీ పక్కన కూర్చుని కేబుల్ మార్చమన్నదీ, వినమన్నదీ ఈయనే. పదేళ్ళ పిల్లప్పుడు సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిందీ ఈయనే.

"ఎందుకు బావా? అడిగితే ఇచ్చేదాన్నిగా! నువ్వు నోరు తెరిచి అడిగితే నేను ఏది లేదన్నాను? నీ కళ్ళ ముందే ఆరేళ్ళు చేశాను. కళ్ళజోడు మీదకి నేను వెళుతుంటే ఎందుకు ఊరుకున్నావు? దాన్ని ఆ మాటలన్నీ అంటుంటే స్కూటర్ మీద కూర్చుని వింటూనే ఉన్నావుగా! నేను నిన్ను నాన్న అనుకున్నాను బావా."

"తప్పయిపోయింది."

"తప్పయిపోయిందా? అంతేనా?"

"అంతే. వాళ్ళకి కూడా అదే చెప్పు. మా బావ దొంగ అని చెప్పు. నేనూ వచ్చి చెబుతాను. పద, టైమవుతోంది."

ఇక్కడే పిచ్చుకకి అనుమానం వచ్చింది. ఈయన ప్రింటరులో ఒక స్క్రూ తక్కువెందుకు పడిందో చెప్పడానికి అరగంట తీసుకునే మనిషి. ఇంత పెద్ద దొంగతనాన్ని నాలుగు ముక్కల్లో ముగించేశాడు. పైగా నంబరు కనబడేదాకా హుషారుగా ఉన్నాడు. తను దాచిన నంబరైతే, దాన్ని ఎలా పట్టుకోవాలో తనే ఎందుకు చెబుతాడు?

"బావా, ఏడో గదిలో ఏముంది?"

"ఏ గది?"

"ఆటలో. నేను కట్టనిది. వాళ్ళ ఆటలో తెరుచుకునేది. నువ్వు ఇచ్చావుగా, ఏముందో చెప్పు."

బావ మళ్ళీ గుడ్డ మడతపెట్టాడు. "ఏముంటుంది... ఒక మంచం ఉంటుంది. రోగిష్టి మనిషి గది కదా."

"మంచం లేదు," అంది పిచ్చుక.

దుకాణం అద్దంలోంచి తను చూసింది. చుట్టిపెట్టిన చాప, సూది లేని కుట్టు మిషను, ఒక ఊచ ఊడిన కిటికీ. ఇవి ఊహించి పెట్టేవి కావు, ఆటలో ఉన్నది తమ పాత ఇల్లే, అది అమ్మ గది. ఆఖరి ఏడాదంతా అమ్మ ఆ గదిలోనే ఉంది, చిన్నపిల్లకి జబ్బు అంటుకుంటుందని పిచ్చుకని ఆ గడప తొక్కనివ్వలేదు. తర్వాత ఆ ఇల్లే చేతులు మారింది. లోపల ఎలా ఉండేదో చెప్పమని పిచ్చుక ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. జ్వరం వచ్చినప్పుడల్లా అడిగేది. ఆట మొదలుపెట్టినప్పుడు అడిగింది. ఆట ఆ తలుపు దగ్గర ఆగిపోయినప్పుడు ఏడ్చి మరీ అడిగింది. ప్రతిసారీ ఒకటే జవాబు, "నాకూ గుర్తులేదే."

ఆ గది బావ చూడలేదు. అప్పటికి ఆయన ఎవరో కూడా ఆ ఇంటికి తెలియదు. నాన్న కూడా లేడిప్పుడు. లోపలికి వెళ్ళి వచ్చిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది.

"మంచం ఉండేది," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "అమ్మ కింద పడుతోందని నాన్న తీయించేశాడు. అప్పుడే చాప వేశాం."

అక్క ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూసుకోలేదు. పగటిపూట షాపు ముఖం చూడని మనిషి, బయటికి వెళ్ళే బట్టల్లో, భుజాన సంచీతో నిలబడి ఉంది. ముఖంలో కంగారు లేదు. ఎన్నాళ్ళుగానో మోసిన బరువు దించడానికి చోటు చూసుకుంటున్నట్టు ఉంది.

"నువ్వు ఇంటికెళ్ళు," అన్నాడు బావ లేచి. "నేను చెప్పేశాను. నేనేనని చెప్పేశాను."

"మీకు అబద్ధాలు రావండీ. ఎందుకు మీకా అవస్థ?" అంది అక్క. "మన టీవీని కంప్యూటరుకి కలపడానికి మీరు ఫ్రిజ్ తలుపు మీద అంటించారే అంకెల చీటీ, అది చూసే చేశాను. అర్థం కాకపోయినా, ఉన్నది ఉన్నట్టు నొక్కడం వచ్చుగా నాకు."

పిచ్చుక లేచింది. ఆట పోయిందన్న బాధ అప్పటికే వెనక్కి పోయింది. అంతకంటే పెద్దది ముందుకొచ్చింది.

"గుర్తులేదన్నావు," అంది. "ఇరవై మూడేళ్ళు గుర్తులేదన్నావు. ఆట తీసుకెళితే తీసుకెళ్ళావు. ఇంకొకటి చేసుకునేదాన్ని. అమ్మ గది ఎలా ఉండేదో చెప్పవే అని నీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే నాకు చెప్పలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పావా? మా అమ్మ కిటికీకి ఊచ లేదని నేను రోడ్డు మీద నిలబడి, వానలో, దుకాణం అద్దంలోంచి తెలుసుకోవాలా?"

అక్క చెయ్యి చాపబోయి, పిచ్చుక ఒక అడుగు వెనక్కి వేయడం చూసి, సంచీ పట్టీ పట్టుకుంది.

"నాలుగింటికి అక్కడే ఉంటానన్నాను కదా," అంది మెల్లగా. "నీ పక్క కుర్చీలో కాదే. ఎదుటి కుర్చీలో. ఆట రాసిన మనిషి అని వాళ్ళు తీసుకొచ్చేది నన్నే. వాళ్ళ కాగితాల మీద ఉన్నది నా సంతకమే."

బావ స్టూలు మీద కూలబడ్డాడు. ఈ సంగతి ఆయనకీ తెలియదని ఆ ముఖమే చెప్పింది.

కంప్యూటరు టింగుమంది. కాపీ పూర్తయింది. గడియారంలో రెండూ యాభై ఐదు. పిచ్చుక పెన్ డ్రైవ్ లాగి గుప్పిట్లో బిగించింది. ఇది బల్ల మీద పెడితే ఆట తనది అవుతుంది, అక్క దొంగ అవుతుంది. పెట్టకపోతే సంతకం పెట్టి వచ్చేయాలి. నిన్నటిదాకా ఎదుటి కుర్చీలో ఎవడున్నా వాడి ముఖం మాడిపోవాలని కోరుకుంది. ఇప్పుడూ అదే కోరుకుంటోంది, అందుకే ఏడుపు ఆగడం లేదు.

"తప్పుకో," అంది.

అక్క గుమ్మం వదల్లేదు. "వెళ్ళు. అందులో ఉన్నదంతా వాళ్ళకి చూపించు, నేనేమీ కాదనను. కానీ ముందు ఒక్కసారి లెక్కపెట్టుకుని వెళ్ళు. నువ్వు చేసిన ఫోల్డర్లు ఎన్ని?"

"నలభై," అంది పిచ్చుక. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"ఇప్పుడు కాపీ అయినవి ఎన్ని?"

వద్దనుకుంటూనే పిచ్చుక వెనక్కి తిరిగింది. తెర మీద అంకె చూసింది. నలభై ఒకటి. మౌస్ పట్టుకుని వరసలో కిందికి, అన్నిటికంటే కిందికి జరిగింది. తను ఎప్పుడూ చేయని ఫోల్డరు ఒకటి అక్కడ ఉంది. దాని తారీఖు పోయిన ఏడాది ఆ గురువారం, పగలు పన్నెండు గంటల ఐదు నిమిషాలు. ఆట మొత్తం పట్టుకుపోయిన మనిషి, వెళ్ళేముందు ఒకటి లోపల పెట్టి వెళ్ళింది.

ఆ ఫోల్డరుకి అక్క పెట్టిన పేరు "పిచ్చుకకి".